బాటిక్ అమ్మి కొన్న నేల: చోళమండలం, దక్షిణచిత్రల్లో మూడు రోజులు

బాటిక్ అంటే గుడ్డ మీద కరిగిన మైనంతో గీతలు గీసి రంగులో ముంచే పని, మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. మైనం సరిగ్గా కాగిందో లేదో గుడ్డే చెబుతుంది. గీసిన గీత తెల్లగా, పైపైన పేరుకున్నట్టు ఉంటే మైనం చల్లారిపోయిందని లెక్క. బాగా కాగిన మైనమైతే గీత పడగానే అక్కడ గుడ్డ నూనెలో తడిసినట్టు అయిపోతుంది. తిరగేసి చూస్తే వెనకవైపు కూడా గీత అంతే స్పష్టంగా కనపడాలి. లేకపోతే రంగులో ముంచినప్పుడు వెనక నుంచి రంగు ఎక్కేస్తుంది. నేను గీసిన మొదటి పది గీతల్లో ఏడు పైపైనే ఉండిపోయాయి. పక్కన కూర్చున్న పెద్దాయన నా గుడ్డ ఒకసారి తిప్పి చూసి, "పొయ్యి దగ్గరికి జరగమ్మా, ఇంత దూరమైతే దారిలోనే చల్లారిపోతుంది" అన్నారు. జరిగాను. తర్వాతి గీత దిగింది.

ఇది చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద, ఇంజంబాక్కంలోని చోళమండలం కళాకారుల గ్రామంలో. నేను నెల్లూరులో డ్రాయింగ్ టీచర్‌ని. మా అక్క కూతురు బొమ్మలు బాగా వేస్తుంది, డిగ్రీ అయ్యాక ఆర్ట్ కాలేజీలో చేరతానంటోంది. "బొమ్మలేస్తే అన్నం పెడతాయా?" అని మా బావగారి దిగులు. ఆ ప్రశ్నకు 60 ఏళ్ల కిందటే కొందరు జవాబు వెతికిన చోటు ఒకటుందని, దాన్ని అమ్మాయికి చూపించాలని నా కోరిక. జనవరి చివర్లో మూడు రోజులు సెలవు పెట్టి, పినాకిని రైలెక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో దిగాం.

సెంట్రల్ నుంచి ఆటో మాట్లాడుకుంటే వాళ్లు చెప్పిందే ధర. అందుకే ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌కి నడిచి, వేళచ్చేరి వైపు వెళ్లే రైలెక్కి తిరువాన్మియూరులో దిగాం. టికెట్ ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. అక్కణ్ణుంచి ఈసీఆర్ మీద మహాబలిపురం వైపు వెళ్లే బస్సు ఏదైనా సరే ఇంజంబాక్కంలో దింపుతుంది. సామాను ఎక్కువుంటే తప్ప కారు అవసరం లేదు.

చోళమండలం కథ తెలియకుండా వెళ్తే అది చెట్ల మధ్య నాలుగు శిల్పాలు, ఒక గ్యాలరీ మాత్రమే. మద్రాసు ఆర్ట్ స్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ చూసింది ఏమిటంటే, మంచి చేయి ఉన్న పిల్లలు చదువైపోగానే బతుకుతెరువు కోసం ఏదో ఉద్యోగంలో చేరి బ్రష్ పక్కన పెట్టేస్తున్నారు. బొమ్మను బజారు కోసం మార్చుకోకుండా బతకడం ఎట్లా? చేతిపనితో పొట్ట పోసుకుని, బొమ్మను స్వేచ్ఛగా వదిలేద్దామన్నారాయన. శిష్యులంతా కలిసి సంఘం పెట్టుకున్నారు, బాటిక్ గుడ్డలు చేసి అమ్మారు. ఆ డబ్బుతోనే సముద్రం ఒడ్డున సరుగుడు తోటల పక్కన ఇసుక నేల కొన్నారు. 1966లో గ్రామం మొదలైంది. మొదట్లో కరెంటు లేదు, తాటాకు పాకల్లో ఉన్నారు. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి గది వాళ్లది, పనిచేసే షెడ్లు మాత్రం ఉమ్మడి. చేతిపనుల అమ్మకంలో కొంత భాగం సంఘానికి పోయేది.

ఈ సంగతి అమ్మాయికి రైల్లోనే చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "అంటే వాళ్లు ముందు అమ్మి తర్వాత గీశారా పిన్నీ?" అంది. పొద్దున అమ్మడానికి చేశారు, సాయంత్రం తమకోసం గీశారు అన్నాను. నాకు తెలిసినంతలో అదే సరైన జవాబు.

గ్రామంలో మద్రాసు ఉద్యమం (పణిక్కర్, ఆయన శిష్యులు తెచ్చిన ఆధునిక కళ ఒరవడి) మ్యూజియం 2009లో తెరిచారు. అక్కడ రెండు గంటలు పెట్టుకోండి. పణిక్కర్ 'పదాలు, చిహ్నాలు' వరస బొమ్మలకు దగ్గరగా నిలబడితే మలయాళ అక్షరాల్లాంటి రాతలు, జాతకచక్రాల్లాంటి గళ్లు కనిపిస్తాయి. చదవబోతే చదువు కుదరదు. అయినా చూపు అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆయన కొడుకు ఎస్. నందగోపాల్ రాగి, ఇత్తడి రేకుల్ని అతికి చేసిన శిల్పాలు మన గుళ్లలోని తోరణాల్ని గుర్తుకు తెస్తాయి. కె. రామానుజం నల్లసిరా బొమ్మల ముందు మా అమ్మాయి అరగంట కదల్లేదు. టోపీ పెట్టుకున్న మనిషి, రెక్కల జంతువులు, కలలో కట్టిన కోటలు, అన్నీ సన్నటి గీతల్లో. ఆయన ఈ గ్రామంలోనే ఉండి, చిన్న వయసులోనే 1973లో పోయారు. ఈ ఉద్యమం మాట వచ్చినప్పుడల్లా మన తెలుగువాడు ఎం. రెడ్డప్ప నాయుడి పేరు కూడా చెప్పుకోవాలి. మన దగ్గర ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది అని ఆలోచిస్తే బాధేస్తుంది.

ఒక్క మాట. లోపలి ఇళ్లు కళాకారుల సొంత ఇళ్లు. గేటు తీసి ఉందని తొంగిచూడటం, తలుపు దగ్గర నిలబడి సెల్ఫీలు తీసుకోవడం మేమున్న రోజే రెండుసార్లు చూశాను. వాళ్లు ఏమీ అనలేదు గానీ మనకే ఆ ఇంగితం ఉండాలి. ఎవరైనా పిలిస్తే వెళ్లండి, వెళ్తే తీరిగ్గా కూర్చోండి.

మా బాటిక్ పని రెండో రోజు. మొత్తం తొమ్మిదిమందిమి. అందులో ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక రిటైరైన నర్సు, తిరువాన్మియూరు నుంచి వచ్చిన తల్లీకొడుకులు. తేనెమైనం, పారఫిన్ కలిపి చిన్న పొయ్యి మీద కరగబెట్టారు. తేనెమైనం గుడ్డను గట్టిగా పట్టుకుంటుంది, పారఫిన్ పెళుసుగా ఉండి చిట్లుతుంది. బాటిక్‌లో సన్నటి నరాల్లా కనిపించే చారలు ఆ చిట్లిన చోట్ల రంగు దిగడం వల్లే. ఎంత చిట్లాలో కలిపే పాళ్లతోనే నిర్ణయించుకోవచ్చు. గీయడానికి చెక్క పిడికి బిగించిన చిన్న రాగి గిన్నె, దానికి సన్నటి ముక్కు. గిన్నెలో మైనం నింపి ముక్కు కింద గుడ్డపేలిక పట్టుకుని గుడ్డ దాకా తేవాలి. లేకపోతే దారి పొడుగునా చుక్కలే. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. రంగు నీళ్లు చల్లగా ఉండాలి, వేడైతే మైనం కరిగి పని మొత్తం పోతుంది.

ఉదయం తొమ్మిదిన్నరకి మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నర అయింది. మధ్యలో మాకు పని నేర్పే పెద్దాయన మాతోపాటే ఒక పక్కన తన గుడ్డ తాను చేసుకుంటూ ఉన్నారు. నన్ను అడిగితే అన్నిటికంటే పెద్ద పాఠం అదే. పాఠం చెప్పే మనిషి తన పనిలో తాను ఉంటే మనం చేతులు చూసి నేర్చుకుంటాం. ఆయన మైనం గిన్నెను ఎత్తేటప్పుడు మణికట్టు కదలదు, మోచేయి కదులుతుంది. ఆ సంగతి ఏ వీడియోలోనూ నేను గమనించలేదు.

ఇక్కడొక అనుభవం పోల్చి చెప్పాలి. రెండేళ్ల కిందట నగరంలో వేరొక స్టూడియోలో వారాంతపు వర్క్‌షాప్‌కి డబ్బు కట్టాను. పేరు అనవసరం. ఇరవై అయిదుమందిని రెండు గంటలు కూర్చోబెట్టి, ముందే అచ్చేసిన గీతల్లో రంగులు నింపించారు. చివర్లో గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. ఇంటికొచ్చాక నా చేతికి కొత్తగా ఏమీ రాలేదు. అప్పట్నుంచి ఎవరికైనా డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను: ఎంతమంది, ఎన్ని గంటలు, నేర్పే మనిషి స్వయంగా ఆ పని చేసి బతుకుతారా. సమాధానం తిన్నగా రాకపోతే ఆ డబ్బుతో రంగులు కొనుక్కోవడం మేలు.

బసకి వస్తే, మొదటి రాత్రి ఈసీఆర్ మీదే ఒక లాడ్జిలో దిగాం. సముద్రం కనిపిస్తుందని రాసిన గది కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. కుళాయి నీళ్లు ఉప్పన, తలకి పోసుకుంటే జుట్టు జిడ్డు. 2,200 రూపాయలు. మర్నాడే ఖాళీ చేసి తిరువాన్మియూరులో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. 1,400కే శుభ్రమైన గది, మంచినీళ్లు, మెట్లు దిగితే టిఫిన్ దొరికే సందు. ఆడవాళ్లిద్దరమే కాబట్టి చీకటి పడ్డాక వెలుతురు, జనం ఉండే చోటు ముఖ్యం. సముద్రం చూడాలంటే అరగంట పొద్దున్నే లేచి నడిస్తే సరి.

తిరువాన్మియూరులో ఉన్నందుకు ఇంకో లాభం కళాక్షేత్ర. 1936లో రుక్మిణీదేవి అరండేల్ మొదలుపెట్టిన సంస్థ. అందరూ నాట్యం కోసమే తలుచుకుంటారు గానీ అక్కడ నేత, కలంకారీ విభాగాలూ ఉన్నాయి. శ్రీకాళహస్తి పనికి మళ్లీ ప్రాణం పోయించిన కమలాదేవి చట్టోపాధ్యాయ చేయి ఇక్కడి కలంకారీ వెనక కూడా ఉంది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డ వాసన తగలగానే నాకు శ్రీకాళహస్తి సందుల్లోకి వెళ్లినట్టయింది. మైనం పని చేసి వచ్చిన చేతులతో కలం పని చూడటం మంచి వరస. ఒకచోట రంగును ఆపుతారు, ఇంకోచోట రంగును పిలుస్తారు. వారం మధ్యలో, పొద్దుటి పూటే వెళ్లండి.

మూడో రోజు ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి, కర్రాకర్రా తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. చిన్నపిల్లలుంటే చోళమండలం కంటే ఇదే నయం, సందేహం లేదు. కుమ్మరి సారె మీద చేయి పెట్టనిస్తారు, బుట్ట అల్లిస్తారు. అయితే సారె దగ్గర మన వంతు రెండు నిమిషాలు. క్యూ వెనక నుంచి తోస్తూ ఉంటుంది. కుండ చేసేది కుమ్మరాయనే, మనం చేతులు తడుపుకుంటాం అంతే. పిల్లలకి అది చాలు, పెద్దవాళ్లకి చాలదు. పని నిజంగా నేర్చుకోవాలంటే ముందే ఫోన్ చేసి రోజంతా జరిగే శిబిరాలు ఎప్పుడున్నాయో కనుక్కోండి. మంగళవారం సెలవు.

తెలుగు ఇళ్ల వాకిట్లో మాత్రం చాలాసేపు కూర్చున్నాం. ఉత్తర కోస్తా నుంచి వచ్చిన చుట్టిల్లు ఒకటి. కప్పు గడ్డి నేలకు ఇంచుమించు మోకాలెత్తు దాకా వాలి ఉంటుంది, తల వంచకుండా లోపలికి పోలేం. గుండ్రంగా ఉండటంతో తుఫాను గాలి కొట్టడానికి గోడ మూల దొరకదు. పక్కనే నల్గొండ ప్రాంతపు ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. మగ్గం గుంట ముందు ఒక చిన్న పిల్లాడు వాళ్ల అమ్మమ్మతో, "ఇది మన ఇంట్లో ఉండేదా అమ్మమ్మా?" అని తెలుగులో అడిగాడు. ఆవిడ మాట్లాడలేదు, వంగి మగ్గం కర్రల్ని ఒకసారి తడిమింది.

తిండి సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. గ్యాలరీల దగ్గరి కెఫేలు చూడ్డానికి బావుంటాయి, ఖరీదెక్కువ. తిరువాన్మియూరు మెస్సుల్లో సాంబారన్నం చాలు మాకు.

ఇంటికొచ్చిన ఆదివారం పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి గుడ్డలు రెండూ వేశాం. మైనం కరిగి పైకి తేలింది. గిన్నె దించి చల్లారనిస్తే తెట్టులా గడ్డకట్టి, అట్టు తీసినట్టు ఒక్క ముక్కగా వచ్చింది. అమ్మాయి గుడ్డ మీద రామానుజం కోట లాంటిదేదో ఉంది, ఇంకా రెండు చోట్ల రంగు వెనక నుంచి ఎక్కింది. "ఈ రెండు చోట్లా పొయ్యికి దూరంగా ఉన్నాను పిన్నీ" అని వేలితో చూపించింది. మా బావగారు గుడ్డను వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. మైనం బిళ్లను పాత పేపర్లో చుట్టి మా బడి డ్రాయింగ్ బీరువాలో పెట్టాను. ఏడో తరగతి పిల్లలకి వేసవి సెలవుల ముందు ఒక రోజంతా కావాలని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను, ఇచ్చారు.