ఆటోనగర్ నుంచి మోడెనాకు: అతి ఖరీదైన కార్లు పుట్టే ఊళ్లలో ఆరు రాత్రులు

మా మామయ్య విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లు లారీ బాడీలు కట్టారు. షెడ్డును ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నా, రోజూ పొద్దున్నే వెళ్లి ఏ బండి పని ఎందాకా వచ్చిందో చూసి వస్తేగానీ ఆయనకు తోచదు. ఒకనాడు అక్కడి కుర్రాళ్లు ఫోనులో ఒక నల్ల కారు చూపించారు. అది బుగాటి సంస్థ 2019 జెనీవా ప్రదర్శనలో బయటపెట్టిన ‘లా వ్వాత్యూర్ న్వార్’. దాని ధర పన్నులు కాకుండానే కోటి 10 లక్షల యూరోలు, కట్టింది ఒక్కటే. మామయ్య ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, “దీని బాడీ ఎవరు కట్టారు అబ్బాయ్? అక్కడికి పోతే పని చూడనిస్తారా?” అని నన్ను అడిగారు. ఆ ప్రశ్న పట్టుకునే మేమిద్దరం 2024 అక్టోబరులో ఇటలీ బయలుదేరాం.

ఈ తరహా కార్లు తయారయ్యే చోట్లు దగ్గర దగ్గరగా ఉన్నది ఇటలీలోని ఎమిలియా-రొమాన్యా ప్రాంతంలో. ఫెరారీ, లంబోర్గిని, పగాని, మసెరాటి అన్నీ బొలోన్యా, మోడెనా నగరాల చుట్టుపక్కలవే. ఆ రెండు నగరాల మధ్య దూరం మన విజయవాడకూ గుంటూరుకూ మధ్య ఉన్నంతే, రైలులో అరగంట. హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా నేరుగా బొలోన్యాలో దిగవచ్చు కాబట్టి రోమ్ దాకానో మిలాన్ దాకానో వెళ్లి వెనక్కి రావలసిన పని లేదు. విమానాశ్రయం నుంచి రైల్వే స్టేషనుకు మోనోరైలులో ఏడు నిమిషాలు పడుతుంది. పెద్దవారిని వెంట తీసుకుని వెళ్లేవారికి ఈ దారి ఎంతో సుఖంగా ఉంటుంది.

బస విషయంలో మాత్రం మొదట పొరపాటు పడ్డాం. తొలి రెండు రాత్రులు బొలోన్యా స్టేషను పక్కన ఒక హోటలులో దిగాం. గది ఇరుకు, కిటికీ తీస్తే రోడ్డు రొద. అద్దెలో ఉదయపు ఫలహారం కలిసి ఉందని ముందు చెప్పి, ఖాళీ చేసే రోజున దానికి వేరే బిల్లు వేశారు. అందరూ చెల్లించవలసిన నగరపన్ను ఎలాగూ విడిగా కట్టాం. ఆ తరువాత మోడెనా పాత బస్తీలో వంటగది ఉన్న చిన్న ఫ్లాటు తీసుకుని నాలుగు రాత్రులు ఉన్నాం. హోటలు గదికంటే తక్కువ ఖర్చయింది, పైగా అన్నం వండుకునే వీలు దొరికింది. ఫ్లాటు నుంచి నడిచివెళ్లేంత దూరంలో ఉన్న అల్బినెల్లి మార్కెట్టులో కూరగాయలు తాజాగా ఉన్నాయి, వెంట తీసుకెళ్లిన గుంటూరు కారం, గోంగూర పచ్చడి మిగతా లోటు తీర్చాయి. శాకాహారులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ పేరున్న తోర్తెల్లిని అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది, నూనెలో వేయించినట్టు కనిపించే పిండి రొట్టెలను కూడా చాలాచోట్ల పంది కొవ్వుతోనే వేయిస్తారు. పాలకూర, రికోత్తా జున్ను పెట్టిన ‘తోర్తెల్లోని’ అనే మరో రకం అడిగితే ఇబ్బంది ఉండదు.

మొదట చూసింది మోడెనాలోని ఎంజో ఫెరారీ మ్యూజియం. 2012లో తెరిచిన కొత్త భవనం పైకప్పు పసుపుపచ్చగా, కారు బానెట్‌లాగా వంపు తిరిగి ఉంటుంది. అందరూ దానికే ఫొటోలు తీస్తారు. మామయ్య ఎక్కువసేపు గడిపింది దాని పక్కనున్న పాత ఇటుక కట్టడంలో. ఎంజో ఫెరారీ తండ్రి అల్ఫ్రెడో అక్కడ రైల్వేకు ఇనుప పనులు చేసి ఇచ్చే కార్ఖానా నడిపేవారు. ఎంజో 1898లో పుట్టింది ఆ ఆవరణలోనే. ఇప్పుడు అక్కడ ఇంజన్లు పేర్చి పెట్టారు. రేకు పని చేసే ఇంట పుట్టినవాడు ఈ కంపెనీ పెట్టాడన్న సంగతి మామయ్యకు చాలా నచ్చింది. ఆ షెడ్డు పొడవు, వెడల్పు అడుగులతో కొలుచుకుని, మన షెడ్డుకంటే పెద్దదేమీ కాదని చెప్పారు.

దీనికీ, ఫెరారీ కర్మాగారం ఉన్న మరనెల్లో ఊళ్లోని మ్యూజియానికీ కలిపి టికెట్టు తీసుకోవడం లాభం. మనిషికి 40 యూరోల లోపే అయింది. మోడెనా స్టేషను నుంచి మరనెల్లోకు మ్యూజియం బస్సు నడుస్తుంది, దానికి చార్జీ వేరు. మరనెల్లో మ్యూజియంలో వెలుతురు, అమరిక, వివరాల పలకలు అన్నీ మేలైనవి. అక్కడ ఎఫ్40 అనే కారు ముందు ఒక చిన్న సంగతి జరిగింది. కంపెనీకి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 1987లో తెచ్చిన ఆ కారు, ఎంజో తన జీవితకాలంలో ఆమోదించిన చివరి మోడలు. తరువాతి ఏడాదే ఆయన పోయారు. మామయ్య వంగి, తలుపు మీద వెలుతురు ఏటవాలుగా పడే కోణం నుంచి చూసి, ఎర్ర రంగు కింద సన్నని గళ్లు కనిపిస్తున్నాయనీ, లప్పం సరిగా పట్టించలేదేమోననీ అన్నారు. అది లోపం కాదు. బరువు తగ్గించడానికి ఆ కారుకు రంగు చాలా పలచగా వేశారు, అందువల్ల లోపలి కార్బన్, కెవ్లార్ అనే గట్టి పోగుల నేత పైకి కనిపిస్తుంది. ఆ సంగతి చెప్పాక ఆయన ఆ హాలులోని ప్రతి కారునూ అదే కోణం నుంచి చూడడం మొదలుపెట్టారు.

ఫెరారీలో మాకు నిరాశ కలిగించింది కర్మాగారమే. కారు కొన్నవారికి తప్ప మామూలు సందర్శకులకు లోపలికి ప్రవేశం లేదు. ఆవరణలోనూ, కంపెనీ కార్లను పరీక్షించే ఫియొరానో ట్రాకు పక్కనా బస్సులో తిప్పుతారు, దిగనివ్వరు, ఫొటోలు తీయనివ్వరు. భవనాల గోడలు చూసి రావడమే అవుతుంది. పని చూడాలని వెళ్లేవారు ఆ బస్సు డబ్బు మిగుల్చుకోవచ్చునని నా అభిప్రాయం.

అయినా ఈ ధరల వెనకనున్న కథ మామయ్యకు బోధపడింది ఫెరారీ కారుతోనే. 1962 నుంచి 1964 వరకు ఫెరారీ 36 మాత్రమే కట్టిన 250 జీటీవో కార్ల ధర అప్పట్లో అమెరికాలో ఒక్కొక్కటి సుమారు 18,000 డాలర్లు. వాటిలో ఒకటి 2018లో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, మరొకటి 2023లో 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయాయి. వాటి అల్యూమినియం బాడీలు మోడెనాలోని సెర్జియో స్కల్యెత్తి కార్ఖానాలో తయారయ్యాయి. తోలు సంచిలో ఇసుక నింపి, దాని మీద రేకు పెట్టి సుత్తితో కొట్టి వంపు తెచ్చేవారు. చేతి పని కాబట్టి ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇది చదివి వినిపించినప్పుడు మామయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, తాను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్ మడ్‌గార్డును గోనె సంచిలోని ఇసుక మీదే సరిచేసేవారమనీ, రేకు ఎక్కడ సాగిందో సుత్తి చప్పుడును బట్టి తెలిసేదనీ చెప్పారు.

మర్నాడు లంబోర్గిని. బొలోన్యా నుంచి బస్సులో సాంత్ అగాతా బొలొన్యేజె అనే పల్లెకు చేరాం. చుట్టూ పొలాలు, మధ్యలో కర్మాగారం. ఫెరుచ్చో లంబోర్గిని మొదట ట్రాక్టర్ల తయారీదారు, 1963లో ఇక్కడ కార్ల కంపెనీ పెట్టారు. మ్యూజియంలో మియురా, కౌంటాష్ అనే పాత కార్లు ఉన్నాయి, కానీ డబ్బుకు తగిన ఫలం దక్కేది కర్మాగారం లోపలి సందర్శనలోనే. ఫోన్లు బయట పెట్టించి, గైడు వెంట తీసుకువెళ్తారు. తోలు విభాగంలో ఒక పనివాడు బల్లమీద పరిచిన చర్మాన్ని అరచేత్తో నిమురుతూ, మచ్చ తగిలినచోటల్లా గుర్తు పెడుతున్నాడు. ఆ మచ్చలను తప్పించి ముక్కలు కోస్తారు. మా గైడు ఇంగ్లీషు స్పష్టంగా ఉంది, అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పింది. ఒక్కటే లోటు, గుంపు పెద్దది కావడంతో వెనకవారికి సగమే వినిపించింది. మామయ్యను ముందు వరుసలో ఉంచడానికి నేను ప్రతిచోటా తొందరపడవలసి వచ్చింది.

ఇక పగాని. యాత్ర మొత్తంలో ఒక్కచోటికే వెళ్లే అవకాశం ఉంటే నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను. మోడెనాకు తూర్పున సాన్ చెజారియో సుల్ పనారో అనే చిన్న ఊళ్లో ఉంది. స్టేషను దగ్గర లేదు కాబట్టి టాక్సీలో వెళ్లాలి, తిరుగు టాక్సీని కూడా ముందే మాట్లాడుకోవాలి. మేము మాట్లాడుకోక ముప్పావు గంట రోడ్డు మీద నిలబడ్డాం. 2023లో ఫెరారీ 13,663 కార్లు, లంబోర్గిని 10,112 కార్లు అమ్మగా, పగానిలో ఏడాదికి తయారయ్యేవి 50కి అటూ ఇటూ. 2022లో వచ్చిన ‘ఉతోపియా’ 99 మాత్రమే కడతామన్నారు, ధర పన్నులు కాక 20 లక్షల యూరోలకు పైనే.

ఈ సంస్థను పెట్టిన ఒరాసియో పగాని 1955లో అర్జెంటీనాలోని కసిల్దా పట్టణంలో, రొట్టెలు కాల్చే ఇంట పుట్టారు. లంబోర్గినిలో పనిచేస్తూ, కార్బన్ ఫైబరును ఉడికించే ఆటోక్లేవ్ అనే పెద్ద యంత్రం కొనమని యాజమాన్యాన్ని అడిగితే వారు ఒప్పుకోలేదు. దానితో ఆయన అప్పు చేసి సొంతంగా కొనుక్కుని, కొన్నేళ్లకు బయటికి వచ్చి సొంత సంస్థ నిలబెట్టుకున్నారు. ఆయన మొదటి కారు జోండా 1999లో వచ్చింది.

కార్బన్ ఫైబరు గది దగ్గర మామయ్య కదలలేదు. నల్లని దారంతో నేసి, జిగురు పట్టించిన గుడ్డను చలిపెట్టెల్లో దాస్తారు, లేకపోతే జిగురు ముందే గట్టిపడుతుంది. దాన్ని కొలతకు కోసి, అచ్చులో ముడత పడకుండా చేత్తో పరిచి, పైన సంచి కప్పి గాలి లాగేసి, ఆటోక్లేవ్‌లో వేడితో, ఒత్తిడితో గట్టిపరుస్తారు. బానెట్ నడిమి గీత వద్ద కుడి సగం నేతా ఎడమ సగం నేతా చేప ముల్లులాగా ఒకదానికొకటి పోగుకు పోగు కలిసిపోయి ఉన్నాయి. “మంగళగిరి మగ్గం మీద అంచు కలిపినట్టు కలిపారు అబ్బాయ్, ఒక్క పోగు జారినా మళ్లీ మొదటికే,” అన్నారు మామయ్య. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే గైడు మమ్మల్ని ఒక పక్కకు తీసుకువెళ్లి, బయట ఎవరికీ కనిపించని, లోపలి వైపున ఉండే ఒక ముక్కను తిప్పి చూపించాడు. అటు కూడా నేత అంతే తీరుగా ఉంది. టైటానియం బోల్టు ఒకటి మామయ్య చేతిలో పెట్టాడు. దాని తల మీద సన్నటి అక్షరాలతో కంపెనీ పేరు చెక్కి ఉంది. గుంపులో పదిమందికి మించి లేరు, ఎవరినీ తొందరపెట్టలేదు. సందర్శకుణ్ణి పనితనం తెలిసిన మనిషిగా చూసిన చోటు మాకు ఇదొక్కటే తగిలింది.

మోడెనా శివార్లలో పనీని కుటుంబపు పశువుల క్షేత్రం కూడా చూడదగ్గది. పర్మిజానో జున్ను తయారుచేసే ఆ డెయిరీలోనే పాత మసెరాటి కార్ల సేకరణ ఉంది. 1996లో ఆ కార్లు వేలంలో చెల్లాచెదురు కాబోతుంటే ఆ కుటుంబం కొని నిలిపింది. ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. కాంపొగల్లియానో దగ్గర, బుగాటి 1990ల మొదట్లో ఈబీ110 అనే కారు కట్టి 1995లో దివాలా తీసిన నీలి కర్మాగారాన్ని మేము రోడ్డు మీది నుంచే చూశాం. ఆ కారు జ్ఞాపకార్థం బుగాటి 2019లో ప్రకటించిన ‘చెంతోదియేచి’ కార్లు పదే, ఒక్కొక్కదాని ధర 80 లక్షల యూరోలు.

మరనెల్లో వీధుల్లో సూపర్ కారు నడిపిస్తామని పిలిచే దుకాణాలు చాలా ఉన్నాయి. నేను ఒక చోట 15 నిమిషాలకు డబ్బు కట్టాను. అందులో సగం సిగ్నళ్ల దగ్గరే గడిచింది, దిగాక వీడియో కొనమని బలవంతపెట్టారు. ఆ డబ్బుతో పగానికి మరోసారి వెళ్లి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది. సొంతంగా అద్దె కారు తీసుకునేవారు పాత బస్తీల్లోకి పోకుండా చూసుకోవాలి. అనుమతి లేని బండి నంబరును అక్కడి కెమెరాలు పట్టేస్తాయి, జరిమానా నెలల తరువాత ఇంటికి వస్తుంది.

వీసా, విమానం, బస, టికెట్లు, టాక్సీలు అన్నీ కలిపి ఇద్దరికీ దాదాపు 3 లక్షల రూపాయలు అయింది. పగాని, లంబోర్గిని సందర్శనలు ముందే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాల్లో కాక పనిదినాల్లోనే వెళ్లాలి. ఆగస్టులో ఇటలీ కర్మాగారాలు సెలవుల కోసం మూతపడతాయి కాబట్టి ఆ నెల పూర్తిగా తప్పించాలి.

ఆటోనగర్‌లో ఇప్పుడు అందరూ మామయ్యను అడుగుతున్నది అన్నిటికంటే ఖరీదైన కారు ఏదని. అది ఆయన ఇంకా చూడలేదు. మెర్సిడెస్ 1955లో కట్టిన 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 2022 మే నెలలో 13 కోట్ల 50 లక్షల యూరోలకు, అంటే అప్పటి లెక్కలో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా, అమ్ముడుపోయింది. అవి రెండే కట్టారు. రెండోది కంపెనీ దగ్గరే, జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో ఉంది. మామయ్య పాస్‌పోర్టు గడువు దగ్గరపడింది. పోయిన వారమే రెన్యూవలుకు దరఖాస్తు పెట్టాం.