భిన్నాల ముక్కల కిట్ మూడేళ్లు వాడినాక

ఆ 51 ముక్కల ప్లాస్టిక్ కిట్టే, రంగురంగుల పట్టీలు ఉంటాయే అది. ఒకే పొడవు పట్టీని సగాలు, మూడో వంతులు, ఇట్లా పన్నెండో వంతుల దాకా ముక్కలు చేసి, ఒక్కో రకానికి ఒక్కో రంగు ఇచ్చింటారు. తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ట్యూషన్ చెప్తా. కొన్న కొత్తలో కనపడిన ప్రతి టీచర్‌కీ కొనుక్కోమని చెప్పినా, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

కూడికలకి మాత్రం సూపర్. 1/2 + 1/3 కి పైవి పైన, కిందవి కింద కలిపేసి 2/5 అని రాసే పిల్లోడు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసి 'అర కన్నా తగ్గిపోయిందేంది మేడం' అని ఆ జవాబు వాడే కొట్టేసుకున్నాడు, నేను కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం, కింది అంకెలు ఒకటి చేసుకునేది) మాటే ఎత్తలా.

అసలు తంటా భాగహారం దగ్గర. 1/2 ÷ 1/8 చేస్తే అరలో ఎనిమిదో వంతులు నాలుగు పట్టినాయి, అందరూ ఖుషీ. ఆ ఊపులో 3/4 ÷ 2/3 ఇచ్చినా. ముప్పావు కింద 1/3 ముక్కలు రెండు పెడితే ఇంకొంచెం సందు మిగిలింది, అందులో సరిగ్గా ఒక 1/12 ముక్క కూర్చుంది. ఏడో తరగతి పాప 'ఒకటీ 1/12' అనింది. తిరగేసి గుణిస్తే 9/8, అంటే ఒకటీ 1/8 కదా. 'అయితే ముక్కలు అబద్ధం చెప్తాయా మేడం?' అనేసింది. నాకు నోట మాట రాలా, రేపు చూద్దాం అని పంపించేసినా.

రాత్రి కుట్టు మిషన్ ముందర కూర్చున్నప్పుడు వెలిగింది. గుడ్డ 3/4 మీటర్ ఉంది, చిన్నపిల్ల జాకెట్‌కి 2/3 మీటర్ కావాల, మనం అడిగింది ఎన్ని జాకెట్లు అని, ఎన్ని మీటర్లు అని కాదు. మిగిలిన పీలిక మీటర్‌లో 1/12 నే, కానీ జాకెట్‌లో 1/8, ఎందుకంటే ఒక జాకెట్‌కి అట్లాంటి పీలికలు ఎనిమిది పడతాయి. మర్సటి రోజు ఆ రెండు 1/3 ల కింద 1/12 ముక్కలు ఎనిమిది పేర్పిస్తే పాప తనే లెక్కపెట్టి 'ఓ, ఎనిమిదిట్లో ఒకటా' అనింది. కిట్‌తో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు!

పైగా కొందరు 2/3 అనరు, 'రెండు పసుపులు' అంటారు, రంగు పోతే లెక్క పోయింది. 1/12 లు పన్నెండిట్లో తొమ్మిదే మిగిలినాయి, మిగతావి ఎవరి జామెట్రీ బాక్సుల్లో ఉండాయో.

నా దగ్గర ఎనిమిది మందే, చాప మీద చుట్టూ కూర్చుంటే ఒక్క కిట్ సరిపోతాది. నలభై మంది క్లాసుకైతే నన్ను అడగొద్దు. ఏడో వంతులు, తొమ్మిదో వంతులు ఇందులో రావు కాబట్టి పాత పెళ్లి పత్రికలు కత్తిరించి పెట్టుకున్నా, బాగానే ఉండాయి, ఫ్యాన్ ఆపుకోవాలంతే.