ఎనిమిది ప్రశ్నలా, యాభై ప్రశ్నలా: దమ్ము జబ్బు ఉన్నవాళ్లకు ఏది మేలు?

మా నాయన మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు హమాలీ పని చేశాడు. వడ్ల దుమ్ము కొంత, బీడీలు కొంత, ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే, పూర్తిగా నయంకాని జబ్బు. నల్లగొండలో డాక్టర్ ఊపిరి బలం కొలవడానికి గొట్టంలోకి ఊదించినప్పుడల్లా అంకె ఇంచుమించు అదే వస్తుంది. మనిషి మాత్రం ఒక నెల చాయ్ హోటల్ దాకా నడిచిపోతాడు, ఇంకో నెల వాకిట్లోకి రావడానికే గోడ పట్టుకుంటాడు. ఊదితే వచ్చే అంకెలో ఈ తేడా కనిపించదు కాబట్టే డాక్టర్లు ప్రశ్నపత్రాలు పెట్టుకున్నారు.

అన్నిటికన్నా చిన్నది ఎంఎంఆర్‌సీ. ఆయాసానికి 0 నుంచి 4 వరకు గ్రేడు, అంతే. నిద్ర, భయం, నీరసం దానికి పట్టవు.

2009లో వచ్చిన క్యాట్ (సీఓపీడీ అసెస్‌మెంట్ టెస్ట్)లో 8 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 40. ఎంత ఎక్కువ వస్తే అంత ఇబ్బంది. 10, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిందే. రెండు పాయింట్లు మారినా లెక్కే. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ గుట్ట గానీ ఒక అంతస్తు మెట్లు గానీ ఎక్కితే ఎంత ఆయాసం అని అడిగితే, మా నాయన "నేను గుట్టెందుకెక్కుత బిడ్డా, మనింటికి మెట్లేడున్నయి?" అని సున్నా వేయమన్నాడు. ఆయాసం వస్తుందని పనులే మానుకున్న మనిషి కాగితం మీద బాగున్నట్టు తేలుతాడు!

సెయింట్ జార్జ్ ప్రశ్నావళి లండన్‌లో పుట్టింది, 1992లో అచ్చయింది. క్యాట్ వెనక ఉన్న డాక్టర్ పాల్ జోన్సే దీని వెనకా ఉన్నాడు. 50 ప్రశ్నలు, 0 నుంచి 100, నాలుగు పాయింట్ల తేడా వస్తే లెక్క. నలుగురిలో దగ్గాలంటే సిగ్గనిపిస్తుందా, ఇంట్లోవాళ్లకు భారమవుతున్నానని ఉందా అని కూడా అడుగుతుంది. నాయన పెళ్లిళ్లకు పోవడం ఎందుకు మానేశాడో నాకు అక్కడే తెలిసింది. అయితే ఒక్కో జవాబుకు ఒక్కో తూకం, కూడడానికి కంప్యూటర్ కావాలి. రద్దీ ఓపీలో అయ్యే పని కాదు. పరిశోధనలకు సరిపోతుంది.

నాకు నచ్చింది 1987లో కెనడాలో డాక్టర్ గయాట్ బృందం తెచ్చిన సీఆర్‌క్యూ (క్రానిక్ రెస్పిరేటరీ క్వశ్చనేర్). 20 ప్రశ్నలే. ఆయాసం తెచ్చే పనులు ఐదింటిని రోగే ఎంచుకుంటాడు. నాయన ఎంచుకున్నవి: స్నానం, బర్రెకు గడ్డి వేయడం, మనవడిని ఎత్తుకోవడం, చెరువు కట్ట దాకా నడక, ఫోన్‌లో గట్టిగా మాట్లాడటం. గుట్టలూ మెట్లూ లేవు. ఇందులో మార్కులు పెరిగితే మంచిది, తక్కినవాటికి తిరగేసి. చిక్కల్లా, ఎవరి ఐదు పనులు వాళ్లవి కాబట్టి ఇద్దరిని పక్కపక్కన పెట్టి పోల్చలేం. మొదటిసారి అరగంట దాకా పట్టొచ్చు.

కాబట్టి ప్రతి విజిట్‌కూ క్యాట్, ఊపిరి వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి సీఆర్‌క్యూ. ప్రశ్నలను మనకు తోచినట్టు మార్చి చదవొద్దు, మారిస్తే పాత మార్కులతో పోలిక పోతుంది. చదువు రానివాళ్లకు చదివి వినిపించేటప్పుడు పక్కన ఎవరున్నారో కూడా చూసుకోవాలి. అమ్మ ఎదుట నాయన అన్నిటికీ "ఏం లేదు" అనేవాడు. పోయిన నెల అమ్మను చాయ్ పెట్టమని లోపలికి పంపి మళ్లీ అడిగాను. క్యాట్‌లోని నిద్ర ప్రశ్నకు అంతకుముందు 1 అన్నవాడు, తలుపు వైపు ఒకసారి చూసి, 4 వేయమన్నాడు.