మెడికల్ కోడింగా, ఫుల్ స్టాకా, హెల్త్ ఐటీనా?

ల్యాబ్ వదిలి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి నాలుగేళ్లయినా, పాత జూనియర్ల ఫోన్లు ఆగలేదు. "అన్నా, మెడికల్ కోడింగ్ చేయమంటావా, అమీర్‌పేట వెళ్లి ఫుల్ స్టాక్ నేర్చుకోమంటావా?" అడిగేది డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) వాళ్లో, బీఫార్మసీ వాళ్లో, నర్సింగ్ వాళ్లో. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

పేరులో కోడింగ్ ఉంది గానీ మెడికల్ కోడింగ్‌లో ప్రోగ్రామింగ్ లేదు. డాక్టర్ రాసింది చదివి, కాంప్లికేషన్లు లేని టైప్ 2 షుగర్‌కి ఈ11.9 అని వేస్తారు, అమెరికాలో ఇన్సూరెన్స్ బిల్లు కదలడానికి. దీనికి రాసే సీపీసీ సర్టిఫికెట్ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు. ఇంట్లో ఈఎంఐ ఆగకూడదనుకునేవాళ్లు మొహమాటం లేకుండా వెళ్లండి. ఇంజినీర్ అవ్వాలంటే మాత్రం అది ఆ ఊరికెళ్లే బస్సు కాదు.

వెబ్‌సైట్ కనబడే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పే ఫుల్ స్టాక్ కోర్సుకి వంకేమీ పెట్టను. చిక్కెక్కడంటే, అదే షాపింగ్ కార్ట్ ప్రాజెక్టుతో బీటెక్ పిల్లలు మీకంటే ముందే వరసలో ఉంటారు. మన ఆరేళ్ల ల్యాబ్ డ్యూటీ అక్కడ గ్యాప్ కిందే లెక్క.

హెల్త్ ఐటీలో, అంటే హాస్పిటళ్లకీ ల్యాబ్‌లకీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పనిలో, పనికొచ్చేదే ఆ ఆరేళ్లు. నా ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది: ఒకే శాంపిల్‌కి క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) ముందు 12 అని, అరగంటకి 1.2 అని వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? నాకు వెంటనే ఒక నైట్ డ్యూటీ గుర్తొచ్చింది. చేత్తో ఎంటర్ చేస్తూ చుక్క మర్చిపోయాను. "పేషెంట్ నడుచుకుంటూ వచ్చాడయ్యా, క్రియాటినిన్ 12 ఏంటి?" అని డ్యూటీ డాక్టర్ ఫోన్ చేశాక దిద్దాను. అందుకే పాతది చెరపకూడదన్నాను. 12 చూసి ఈలోపు ఏ మందో ఆపేసి ఉండొచ్చు కదా! రెండూ ఉండాలి, రెండోది దిద్దిన రిపోర్టని తెలియాలి. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి రిపోర్టులు పంపుకునే హెచ్ఎల్7 మెసేజ్‌లో, ఫలితం ఉండే ఓబీఎక్స్ వరస 11వ ఫీల్డ్‌లో 'ఎఫ్' (ఫైనల్) బదులు 'సీ' (కరెక్షన్) వచ్చేది అందుకేనని అప్పటికి నాకు తెలియదు. అలాంటివి ఉద్యోగంలోకి వచ్చాక నేర్చుకోవచ్చు, ఆ ఫోన్ కాల్ ఏ కోర్సులోనూ దొరకదు.

అలాగని జావా, ఎస్‌క్యూఎల్ తప్పవు. అమీర్‌పేట కోర్సే చేయండి, ప్రాజెక్టు మాత్రం మార్చండి. సింథియా అనే ఉచిత టూల్ ఉత్తుత్తి పేషెంట్ల రికార్డులు తయారుచేసి ఇస్తుంది. అలాంటి రికార్డులు సాఫ్ట్‌వేర్ల మధ్య పంపుకునే పద్ధతి పేరు ఫైర్, దానికున్న హాపీ ఫైర్ జావా లైబ్రరీయే. 2021లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఫైర్ పద్ధతినే వాడుతుంది, 14 అంకెల ఆభా (హెల్త్ ఐడీ) నంబరు దానిదే. డెవలపర్లు ప్రయోగాలు చేసుకోవడానికి శాండ్‌బాక్స్ ఉంది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం కూడా తొలి మెట్టుగా పనికొస్తుంది. క్లినికల్ సాస్, అంటే మందుల ట్రయల్స్ డేటాని సాస్ సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించే పని, ఫార్మసీ వాళ్లు చూసుకోండి, నాకంత పరిచయం లేదు.

ప్రాజెక్టులో మీ హాస్పిటల్ రిపోర్టులు మాత్రం వాడొద్దు, పేర్లు కొట్టేసినా సరే. ఉత్తుత్తి పేషెంటుకే ఒకరోజు ఫాస్టింగ్ షుగర్ 126 మిల్లీగ్రాములని, మర్నాడు లండన్ ల్యాబ్ లెక్కలో 7.0 మిల్లీమోల్స్ అని ఇవ్వండి. కొలత వేరు గానీ రెండూ ఒకటే. మీ ప్రాజెక్టు గ్రాఫ్‌లో షుగర్ పాతాళానికి పడిపోయినట్టు కనబడిందా, అప్పుడే ఉద్యోగాలకి అప్లై చేయకండి.