కత్తిరించకుండా కుట్టించుకున్న మెనిస్కస్: రెండేళ్లు దాటాక

మోకాలి ఆపరేషన్ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే: కుట్టే వీలుంటే కుట్టించుకోండి, ముక్క తీయించుకోవద్దు.

షటిల్ ఆడుతుంటే కాలు మెలిపడింది. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, అదే మెనిస్కస్, చిరిగి కీలు మధ్యలోకి మడతపడి ఇరుక్కుంది, కాలు చాపలేకపోయాను. బకెట్ హ్యాండిల్ చిరుగు అంటారట. మొదట చూపించుకున్న చోట "ఆ ముక్క తీసేస్తే వారంలో నడుస్తావు" అన్నారు. తీసేస్తే ముందు ముందు కీలు త్వరగా అరిగే ప్రమాదం ఉందన్న సంగతే ఎత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. తిరుపతిలోనే ఇంకో డాక్టరుగారు ఎమ్మారై చూసి, "చిరిగింది బయటి అంచున. అక్కడికి రక్తం అందుతుంది, అతుక్కోవచ్చు. లోపల చూశాకే ఖాయం" అని కుట్టడానికీ, వీలుకాకపోతే ముక్క తీయడానికీ, రెండింటికీ సంతకం పెట్టించుకున్నారు.

వెన్నులో మత్తిచ్చారు కాబట్టి అంతా తెరమీద చూశాను. మడతపడిన ముక్కను చిన్న కొక్కెంతో నెట్టి దాని చోట కూర్చోబెట్టారు. రక్తం ఊరితేనే అతుకుతుందని చిరిగిన అంచులను గీకారు. తర్వాత పొడవాటి సూదులను లోపలినుంచి బయటికి దూర్చి, మోకాలి పక్కన గాటు పెట్టి, దారాలను కీలు పొర మీద ముడివేశారు. ఇది ఇన్‌సైడ్ ఔట్ పద్ధతి. ఆల్ ఇన్‌సైడ్ అనే ఇంకో పద్ధతిలో ఆ గాటు ఉండదు గానీ, దారాన్ని పట్టి ఉంచడానికి లోపల పెట్టే చిన్న యాంకర్లకు ఖర్చెక్కువ. "కుట్టేశాం, ఏమీ తీయలేదు" అనగానే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

గాటు వల్ల ఏ ఇబ్బందీ లేదని మొదట్లో అందరికీ చెప్పాను. నిజానికి మోకాలి కింద లోపలివైపు కొంత మేర ఇప్పటికీ మొద్దుబారే ఉంది. అటుగా సఫీనస్ నరం పోతుంది, ఇలా కావచ్చని ముందే చెప్పారు. నడకకు అడ్డం కాదు. అసలు కష్టం కోలుకోవడంలో ఉంది: చంకకర్రలు, మోకాలికి కట్టుకునే బ్రేస్, వారాల తరబడి కాలు 90 డిగ్రీలు దాటి వంచకూడదు. ఆఫీసులో సెలవిచ్చారు, ఇంట్లో మా ఆవిడ అంతా చూసుకుంది. రోజుకూలి మీద బతికేవాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. గొంతుక్కూర్చోవడం ఇప్పటికీ మానేశాను. అలిపిరి దారిలో 3550 మెట్లూ ఎక్కుతాను, దిగడం మాత్రం బస్సులోనే.

నాది కొత్త చిరుగు, వయసు నలభై లోపు. మా అత్తగారిది అరుగుదలతో వచ్చిన చిరుగు. ఆమెకు అదే డాక్టరుగారు ఆపరేషనే వద్దని, తొడ కండరాలకు వ్యాయామాలు రాసిచ్చి పంపారు.