చేతి వాపుకు కంప్రెషన్ స్లీవ్: నాలుగేళ్లు వాడాక

2019లో నాకు క్యాన్సర్ వస్తే కుడి రొమ్ముకు ఆపరేషన్ చేసి, చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాక గండం గడిచిందనుకున్నాం. ఏడాదిన్నరకు కుడిచేతికి గాజులు ఎక్కడం మానేశాయి. ఎడమచేతికి అవే గాజులు వదులు. జాకెట్టు కుడి చెయ్యి బిగుసుకుంటుంటే టైలర్ తప్పు కుట్టాడనుకున్నాను. గ్రంథులు తీసినవాళ్లకు ఇలా చేతిలో లింఫు ద్రవం నిలిచి వాపు, అంటే లింఫెడీమా, రావచ్చని డిశ్చార్జి రోజున ఒక్క మాట చెప్పి ఉంటే వెంటనే చూపించుకునేదాన్ని. ఆ బాధ నాకింకా ఉంది.

మొదటి స్లీవ్, అంటే చేతిని బిగుతుగా పట్టి ఉంచే సాగే తొడుగు, కొలతల్లేకుండా మీడియం సైజు కొన్నాను. మణికట్టు దగ్గర పట్టేసి అరచెయ్యి ఉబ్బింది. అప్పుడు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఉన్న వాపును తగ్గించడం స్లీవ్ పని కాదట, తగ్గినదాన్ని మళ్లీ పెరగకుండా పట్టి ఉంచడమే దాని పని. ముందు మూడు వారాలు పొరలు పొరలుగా బ్యాండేజీ కట్టి వాపు తగ్గించారు. ఆ తర్వాత ఒక ఉదయం మణికట్టు, మోచెయ్యి, జబ్బ కొలిచి క్లాస్ 2 (మధ్యస్థ బిగుతు) స్లీవ్ రాశారు.

నిద్ర లేవగానే తొడుక్కుంటాను, రాత్రి తీసేస్తాను. గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని లాగితే ముడతలు పడకుండా ఎక్కుతుంది. రోజూ ఉతికి, పిండకుండా నీడలో ఆరేస్తాను. అందుకే రెండు ఉండాలి. నూనె, క్రీము రాత్రిపూటే రాసుకోవాలి, లేకపోతే స్లీవ్‌కు సాగే గుణం పోతుంది. ఆరు నెలలకు ఎలాగూ వదులవుతుంది, మార్చక తప్పదు. ఖర్చంతా అక్కడే. మే నెలలో విజయవాడ ఉక్కపోతకు చెయ్యంతా చెమటకాయలు. అయినా తీసేసి పనిచేసిన రోజు సాయంత్రానికి చెయ్యి బరువెక్కుతుంది.

స్లీవ్ ఒక్కటీ చాలదు, చర్మాన్నీ జాగ్రత్తగా చూసుకోవాలి. రెండేళ్ల క్రితం వంకాయ తరుగుతుంటే చిన్న గాటు పడింది. మర్నాటికి చెయ్యి ఎర్రబడి, చలిజ్వరం వచ్చింది. చర్మానికి ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ వాడి, ఎరుపు, నొప్పి తగ్గేదాకా స్లీవ్ పక్కన పెట్టాను. ఇలా ఎరుపూ జ్వరమూ కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

చెకప్‌లో రొమ్ము చూస్తారు, ఏడాదికోసారి మామోగ్రామ్ రాస్తారు. చెయ్యి సంగతి మాత్రం ఎవరూ అడగరు. అందుకే నేనే స్లీవ్ తీసి చెయ్యి చాపి, నెలనెలా టేపుతో కొలిచి రాసుకున్న నోటుబుక్కు వాళ్ల బల్ల మీద పెడుతున్నాను.