నాస్‌కి లోకల్ అడాప్టర్ కొంటున్నారా? నాలాగా ఇరుక్కోకండి

మా ఇంట్లో నాలుగు డిస్కుల నాస్ (ఇంట్లో అందరి ఫైళ్లూ నెట్‌వర్క్ ద్వారా దాచుకునే డబ్బా) ఒకటి ఆరేళ్లుగా నడుస్తోంది. నాన్నగారు స్కాన్ చేయించిన పాత ఫోటోలు, చెల్లి పెళ్లి వీడియోలు అన్నీ అందులోనే. పోయిన నెల ఒకరోజు పొద్దున చూస్తే లైట్లు వెలగడం, డిస్కులు గుయ్ మని తిరగడం మొదలుపెట్టడం, వెంటనే టక్ మని ఆగిపోవడం, మళ్లీ మొదలు. పది నిమిషాలైనా అదే వరస.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక షాపుకి తీసుకెళ్లా. అక్కడి కుర్రాడు అడాప్టర్‌కి మీటర్ పెట్టి, 12.1 వోల్టులు చూపించి, "అడాప్టర్ బాగానే ఉంది సార్, బోర్డు పోయింది, తొమ్మిది వేలు అవుద్ది" అన్నాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు. లోడు లేకుండా, అంటే కరెంటు లాగే పరికరం ఏదీ తగిలించకుండా చూస్తే చచ్చిపోతున్న అడాప్టర్ కూడా 12 చూపిస్తుంది. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు నడిచిన అడాప్టర్‌లో ఎక్కువగా ముందు పోయేవి కెపాసిటర్లు (చార్జి దాచుకుని వోల్టేజిని నిలకడగా ఉంచే భాగాలు). డిస్కు మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కో 3.5 అంగుళాల డిస్కు 12 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు వోల్టేజి కుప్పకూలుతుంది. నేను ఇదంతా చెప్తే ఓనర్ మాట మార్చి "అయితే కొత్త అడాప్టర్ తీసుకోండి, 12 వోల్టులు 10 ఆంపియర్లు, మీ దానికన్నా పెద్దది" అని 950 రూపాయలకి ఒకటి ఇచ్చాడు. నా పాతది 8.33 ఆంపియర్లు, అంటే 100 వాట్లు. 10 అంటే ఇంకా మంచిదే కదా అనుకున్నా.

మొదటి గండం ప్లగ్గు దగ్గరే. నాది నాలుగు పిన్నుల గుండ్రటి ప్లగ్గు. షాపువాడిచ్చింది బాగానే దూరుతుంది, కానీ ఏ పిన్నులో ప్లస్, ఏ పిన్నులో మైనస్ అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఎందుకో అనుమానం వచ్చి పాత అడాప్టర్ పిన్నులు మీటర్‌తో చూసి కాగితం మీద గీసుకుని, కొత్తదానితో పోల్చా. తిరగేసి ఉంది! అలాగే పెట్టేసి ఉంటే బోర్డు, దాంతోపాటు డిస్కులు కూడా పోయే ప్రమాదం. వెనక్కి వెళ్తే "ఓ, మీది వేరే టైపా" అని నవ్వుతూ మరో వైరు అతికించి ఇచ్చాడు. అప్పుడే డబ్బులు వెనక్కి తీసుకుని రావాల్సింది, నా బుద్ధి గడ్డి తిన్నది.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు రాత్రి, డిస్కులన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి సరిచూసుకునే పని మొదలైంది, నెలకోసారి జరిగేదే. పొద్దున లేచేసరికి రెండు డిస్కులు బయటపడిపోయి, వాల్యూమ్ క్రాష్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ మొత్తం పడిపోయింది) అని ఎర్ర అక్షరాలు. నా నాస్‌లో డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి రెయిడ్ 5, అది ఒక్క డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండు పోతే చేతులెత్తేస్తుంది. నా బ్యాకప్ చూస్తే నాలుగు నెలల కిందటిది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. డిస్కులకి నిజానికి ఏమీ కాలేదు, కరెంటు చాలక జారిపోయాయంతే. బెంగళూరులో ఉన్న ఫ్రెండ్ రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కలిపాడు కాబట్టి బతికిపోయా.

తర్వాత మా ఎలక్ట్రీషియన్ బాబాయి దగ్గర ఆ కొత్త అడాప్టర్‌కి కారు హెడ్‌లైట్ బల్బ్ తగిలించి చూశాం. 55 వాట్ల బల్బు, అంటే నాలుగున్నర ఆంపియర్లకి కాస్త పైన, 10 ఆంపియర్ల అడాప్టర్‌కి లెక్కలోకి రాని పని. మీటర్ 9.4కి పడిపోయింది, రెండు నిమిషాలకే డబ్బా ముట్టుకోలేనంత వేడి. వంటింటి త్రాసులో పెడితే కొత్తది 210 గ్రాములు, పాతది 520. బాబాయి దాన్ని విప్పితే లోపల సగం ఖాళీ. (మీరు మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత చార్జి ఉంటుంది.)

స్టిక్కర్ మీద ఆంపియర్లు ఎవడైనా అచ్చేసుకోవచ్చు. మన దేశంలో ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ (వస్తువులకి ప్రమాణాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాని గుర్తుతో పాటు ఐఎస్‌తో మొదలయ్యే ప్రమాణం నంబర్, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ ఆర్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన కంపెనీ పేరు, స్టిక్కర్ మీది పేరు ఒకటేనా చూడండి. కౌంటర్ దగ్గరే చూడండి, ఇంటికొచ్చాక కాదు. షాపువాడిచ్చిన దాని మీద బీఐఎస్ గుర్తు ఉంది, నంబర్ లేదు. చివరికి ఒరిజినల్ అడాప్టర్ 4,200 పెట్టి తెప్పించుకున్నా, అదే బల్బుకి 11.9 దగ్గర కదలకుండా నిలబడింది.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే షాపువాడు "మీ ఇంట్లో కరెంటు హెచ్చుతగ్గులు సార్, అడాప్టర్లకి గ్యారంటీ ఉండదు" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, వాళ్లు మొదట అడిగింది బిల్లు. నా దగ్గరున్నది షాపు పేరు కూడా లేని తెల్ల చీటీ, పైన "ఎస్టిమేట్", కింద పెన్నుతో 950.